ఎడమచేతి ఆట

రాత్రి నిద్రపోయేటప్పుడు బంతిని పక్కలో పెట్టుకొని పడుకునే పిల్లవాడు ఒకనాటికి ఆ బంతిని చూసి భయపడతాడని ఏ తండ్రి ఊహిస్తాడు? మా పెద్దవాడి విషయంలో ఆ సంగతి గ్రహించడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. అప్పటికి వాడికి పదమూడేళ్ళు. విశాఖపట్నంలో పేరున్న ఒక బాస్కెట్‌బాల్ శిక్షణ కేంద్రంలో చేర్పించాను. శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం ఉదయం ఒకసారి కొత్తవలస స్టేషనులో ప్యాసింజరు బండి ఎక్కి, పెందుర్తి, సింహాచలం మీదుగా విశాఖ వెళ్ళేవాళ్ళం. వాడు ఆడుతున్నంతసేపూ గోడవారన కూర్చొని చూసి, మళ్ళీ బండిలో ఇంటికి తీసుకువచ్చేవాణ్ణి. నా సెలవు దినాలన్నీ వాడికే ధారపోస్తున్నానని లోలోపల కొంత గర్వం కూడా ఉండేది.

కొత్తవలసను రైలు కిటికీలోంచి చూసినవారే ఎక్కువ. హౌరా నుంచి చెన్నై వెళ్ళే ప్రధాన మార్గంలో ఇది జంక్షను. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే కిరండూల్ మార్గం ఇక్కడే వచ్చి కలుస్తుంది. నేను రైల్వేలో సరకు రవాణా విభాగంలో గుమాస్తాను. ఎన్ని వ్యాగన్లు వచ్చాయి, ఎన్ని ఖాళీ అయ్యాయి, ఎవరు ఎన్ని గంటలు ఆలస్యం చేశారు, వారు కట్టవలసిన డెమరేజీ ఎంత... ఇదే నా వృత్తి. లెక్క రాయని పని నాకు పనిగా తోచదు. ఆ అలవాటే నన్ను ఇంట్లో దోషిని చేసింది.

శిక్షణ కేంద్రానికి వెళ్ళేటప్పుడు నా జేబులో ఒక చిన్న పుస్తకం ఉండేది. మావాడి చేతిలోంచి జారిన బంతులు, గురి తప్పిన షాట్లు, ప్రత్యర్థికి చిక్కిన పాసులు, అన్నింటికీ అందులో వేర్వేరు వరుసలు. తప్పుకొక గీత. తిరుగు ప్రయాణంలో బండి పెందుర్తి దాటగానే పుస్తకం తెరిచి వాడికి చదివి వినిపించేవాణ్ణి. కొట్టేవాణ్ణి కాదు, గట్టిగా అరిచేవాణ్ణీ కాదు. ‘పోయిన వారం పదకొండు, ఈ వారం పద్నాలుగు’ అని నెమ్మదిగానే చెప్పేవాణ్ణి. నెమ్మదిగా చెబితే అది హితబోధ అవుతుందని నా నమ్మకం.

ఆ కేంద్రంలోని పద్ధతి కూడా నా పుస్తకం వంటిదే. ఒక పిల్లవాడు పాస్ వదిలేస్తే జట్టంతా 28 మీటర్ల కోర్టును ఈ చివరి నుంచి ఆ చివరికి ఐదుసార్లు పరుగెత్తాలి. ఒకరి తప్పు అందరిదీ అనే భావం పిల్లల్లో కలగాలని అక్కడి శిక్షకుని ఉద్దేశం కావచ్చు. కాని జరిగింది వేరు. పరుగు ముగించి ఆయాసపడుతూ వచ్చిన తొమ్మిదిమంది పిల్లలూ పదోవాడి వంక చూసే చూపు నేను గోడవారన కూర్చొని చూశాను. ‘నీ వల్లే’ అని పైకి అనేవారు కొందరే. మిగతావారు అనకుండానే అనేవారు. కొన్ని వారాలలో ఆ పిల్లలు ఒక రహస్యం నేర్చుకున్నారు. తప్పు చేయకుండా ఉండాలంటే బంతి తమ దగ్గరకు రాకుండా ఉండాలి.

మావాడు ఆ విద్యలో ఆరితేరాడు. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు ఐదుగురే. దాక్కోవడానికి చోటుండదని మనం అనుకుంటాం. ఉంటుంది. పొడగరి ప్రత్యర్థి వెనుక సరిగ్గా ఒక అడుగు దూరంలో నిలబడితే బంతి ఉన్నవాడికి మనం కనిపించం. పాస్ రాబోతున్న క్షణంలో వంగి బూటు తాడు సరిచేసుకోవచ్చు. ఎవరూ రాని మూలకు చాలా శ్రద్ధగా పరుగెత్తవచ్చు. చూసేవారికి ‘బాగా కదులుతున్నాడు’ అనిపిస్తుంది. నేను కూడా అలాగే అనుకున్నాను. ఆ నెలలో నా పుస్తకంలో గీతలు తగ్గాయి. పద్నాలుగు నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు. ఆ మూడు చూసి సంతోషించి, వాడికి కొత్త బూట్లు కొన్నాను.

ఒక ఆదివారం బండి ఇంకా సింహాచలంలోనే ఉంది. నేను పుస్తకం తీయలేదు. వాడే కిటికీ వైపు చూస్తూ అడిగాడు: “అబ్బా, ఇవాళ ఎన్ని?”

ఆ గొంతును నేను ఇక్కడ రాయలేను. ఆఫీసులో జరిమానా కట్టడానికి వచ్చినవాడు కిటికీ దగ్గర నిలబడి అడిగే ప్రశ్న అది. పుస్తకం తెరిచాను. ఆ రోజు వరుసలన్నీ ఖాళీ. ఒక్క తప్పు లేదు. ఎందుకంటే గంటన్నర ఆటలో వాడు బంతిని ముట్టుకున్నది రెండుసార్లే.

మరుసటి వారం కడుపునొప్పి అన్నాడు. ఆ పై వారం పరీక్షలన్నాడు. తరువాత ఏమీ అనలేదు, మేమూ అడగలేదు. బంతి మంచం కిందికి చేరింది. గాలి తగ్గి, నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడింది. మా ఇంట్లో మాత్రం ఒక మాట పడవలసి ఉండి, పడింది. నా భార్య ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఒక రాత్రి వంటగదిలోంచే అంది: “అనస్ (రజి) చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు మన ప్రవక్త (స) సేవలో చేరారు. పదేళ్ళలో ఒక్కసారి కూడా ‘ఇదెందుకు చేశావు, అదెందుకు చేయలేదు’ అన్న మాట వినలేదని ఆయనే చెప్పుకున్నారు. మీరేమో పెందుర్తి నుంచి కొత్తవలస దాకా వాడికి ఆ మాటే చదివి వినిపించారు.”

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

మా వీధి వెనుక, కొబ్బరిచెట్ల నడుమ ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుని ఖాళీ స్థలం ఉంది. ఆయన పింఛను డబ్బుతో అక్కడ సిమెంటు గచ్చు పోయించి, ఇనుప స్తంభానికి ఒక రింగు బిగించారు. పక్కనే చిన్నపిల్లల కోసం తక్కువ ఎత్తులో ఇంకొకటి. పెద్దవారి రింగు నేల నుంచి 3.05 మీటర్లు, పసివారికి 2.6 మీటర్లు. ఈ కొలతలు ఆయనకు కంఠతా. పెద్ద రింగు రెండు వేళ్ళ మేర ఒక పక్కకు వంగి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆయన దాన్ని సరిచేయించరు. “వంకర రింగులో ఎయ్యగలిగినోడు తిన్నటి రింగులో ఎయ్యలేడేటి?” అంటారు. ఆయనకు మరికొన్ని మొండిపట్లున్నాయి. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాటు అంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. కబుర్లు మొదలుపెడితే మగ్రిబ్ అజాన్ వినబడేదాకా ఆగరు. ఆయన్ని మహాత్ముణ్ణి చేయాలని నేను ఇది రాయడం లేదు.

మావాడు అక్కడికి ఆడడానికి వెళ్ళలేదు. చెల్లెలి చెప్పు గోడ అవతల పడితే తేవడానికి వెళ్ళాడు. అది గురువారం. గురువారం సాయంత్రం అక్కడ ఎడమచేతి ఆట. పిల్లలంతా కుడిచేతిని వెనక్కి పెట్టుకొని, ఎడమచేత్తో మాత్రమే బంతి కొట్టాలి, ఎడమచేత్తోనే పాస్ ఇవ్వాలి, ఎడమచేత్తోనే రింగులో వేయాలి. జిల్లా జట్టుకు ఆడిన పదిహేడేళ్ళ కుర్రవాడి చేతిలోంచి బంతి జారి కొబ్బరిచెట్టు మొదట్లో పడుతోంది. పదకొండేళ్ళవాడి షాటు బోర్డును కూడా తాకడం లేదు. అందరూ తప్పులే చేస్తున్నారు, అందరూ పగలబడి నవ్వుతున్నారు. వారిలో ఒక లారీ డ్రైవరు కొడుకు పుట్టుకతో ఎడమచేతివాటం వాడు. వారం పొడవునా వెనుక నిలబడే ఆ చిన్నవాడు ఆ ఒక్క సాయంత్రం రాజు. పెద్దవాళ్ళంతా ‘మణికట్టు ఎలా తిప్పుతున్నావురా’ అని వాణ్ణి అడుగుతున్నారు.

మావాడు చెప్పు చేతిలో పట్టుకొని అరగంట నిలబడ్డాడట. మాస్టారు వాడికేసి చూసి, “ఏటి బావూ, నీకు ఎడంచెయ్యి లేదేటి?” అన్నారట. అంతే. ఆర్నెల్ల తరువాత బంతి ముట్టుకున్నాడు. మొదటి షాటు గోడ దాటి మా పెరట్లో పడింది. నేనే తీసి ఇచ్చాను.

ఈ పద్ధతి మాస్టారు కనిపెట్టింది కాదని ఆయనే చెప్పారు. హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మన ఇళ్ళలో ఎందరు పిల్లలకు తెలుసో నాకు సందేహమే. ఈ మధ్య ఆయన మీద హిందీలో సినిమా వచ్చాక కొంత తెలిసి ఉండవచ్చు. రహీం సాహెబు వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 మొదలు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విజయాలు పుస్తకాల్లో దొరుకుతాయి. నన్ను ఆకట్టుకున్నవి ఆయన హైదరాబాదులో పిల్లలకు, కుర్రవాళ్ళకు పెట్టిన విచిత్రమైన పోటీలు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి. ఇంకొకదానిలో బంతిని తన దగ్గరే ఉంచుకొని డ్రిబుల్ చేయరాదు, వెంటనే సహచరుడికి అందించాలి.

ఇవి కేవలం నైపుణ్యం పెంచే ఉపాయాలని మొదట అనుకున్నాను. ఆలోచించినకొద్దీ మరో సంగతి తోచింది. బలహీనమైన కాలితో ఆడేటప్పుడు తప్పు చేయడం అవమానం కాదు. అది అందరికీ సమానంగా పంచిన సొత్తు. పొడగరి, పొట్టివాడు, ఉన్నవాడి బిడ్డ, లేనివాడి బిడ్డ, అందరూ ఒకే నేల మీద తడబడతారు. తడబడినా ఎవరూ వేలెత్తి చూపరని తెలిసిన పిల్లవాడు మళ్ళీ ప్రయత్నిస్తాడు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినవాడికే ఆ కాలు స్వాధీనమవుతుంది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి కుర్రవాడు. సాధనకు రావడానికి దారిఖర్చులు లేవంటే, సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని రహీం సాహెబు రూపాయి ఇచ్చేవారని బలరాం తరువాతి రోజుల్లో గుర్తుచేసుకున్నారు. ఆ బలరామే 1962 స్వర్ణ జట్టులో ఆడారు. ఆ పోటీలలోనే రహీం సాహెబు చేసిన మరో పని చూడండి. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందు వరుసలో నిలిపారు. జట్టు దాన్ని ఆమోదించింది. దక్షిణ కొరియాతో ఫైనల్‌లో భారత్ చేసిన రెండు గోళ్ళలో ఒకటి అతనిదే. కొత్త చోట నిలబడడానికి జంకని ఆటగాళ్ళు ఒక్కరోజులో తయారుకారు.

మాస్టారి దగ్గర క్రమశిక్షణ లేదనుకుంటే పొరపాటు. నిమిషం ఆలస్యంగా వచ్చినవాడు ఆ రోజు గచ్చు ఊడ్చి, కుండలో నీళ్ళు నింపాలి. బూట్ల తాడు వదులుగా ఉంటే ఆట లేదు. అమెరికాలో జాన్ వుడెన్ అనే ప్రసిద్ధ గురువు తన విశ్వవిద్యాలయ జట్టుకు మొట్టమొదట నేర్పిన పాఠం మేజోళ్ళు ముడత పడకుండా తొడుక్కోవడమేనట. తరువాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్‌గా లోకానికి తెలిసిన ఆటగాడు ఆయన శిష్యుడే. మా మాస్టారికి ఆయన పేరు తెలియదు. అయినా కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడినీ ముందు కూర్చోబెట్టి మేజోళ్ళు విప్పించి చూస్తారు. ఆయన దగ్గర గురి తప్పితే శిక్ష లేదు, తోటివాడి గురి తప్పినందుకు ఎగతాళి చేస్తే ఉంది. అలా చేసినవాడు ఆ రోజుకు ఇంటికి వెళ్ళిపోవాలి, ఎంత గొప్ప ఆటగాడైనా సరే.

ఇంకొక నియమం నాకు మరీ నచ్చింది. బుట్టలో బంతి వేసినవాడు చేయెత్తి కేరింతలు కొట్టరాదు. తనకు పాస్ ఇచ్చినవాడిని వేలితో చూపాలి. అమెరికాలోనే డీన్ స్మిత్ అనే గురువు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ జట్టులో ఈ ఆచారాన్ని స్థిరపరచారని తరువాత చదివాను. మైకేల్ జోర్డాన్ చదువుకున్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. అంత దూరపు సంగతి మా కొబ్బరిచెట్ల కిందికి ఎలా చేరిందో మాస్టారే చెప్పలేరు. చిన్న పని, చూడడానికి ఆటలో భాగం కూడా కాదు. కాని తనవైపు చూపిన ఆ వేలును చూసిన పిల్లవాడి ముఖం మీరు ఒక్కసారి చూడాలి.

నేను గోడ దగ్గర నిలబడి చూస్తుంటే రెండో వారమే మాస్టారు పిలిచారు. నా జేబులోని పుస్తకం ఆయన కంటబడింది. “సాయిబుగారూ, లెక్కలంటే మీకు సరదాలాగుంది. నాకో లెక్క రాసిపెట్టండి. ఏ పాసు మీద బుట్ట పడిందో ఆ పాసుకు గీత. కిందపడ్డోడికి ఎవుడు చెయ్యి ఇచ్చి లేపాడో ఆడికి గీత. మిగతాదంతా నాకక్కర్లేదు” అన్నారు. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నేను అంతవరకు ఆట చూడనేలేదని. నా కళ్ళు ఒక్క పిల్లవాడి తప్పుల వెంటే తిరిగేవి. ఇప్పుడు అందరినీ చూడవలసి వచ్చింది. ఎవరు ఎవరికి ఇస్తున్నారు, ఎవరికి ఎవరూ ఇవ్వడం లేదు, ఎవరు పడితే ఎవరు పరుగెత్తుతున్నారు.

గచ్చు చుట్టూ నిలబడే తల్లిదండ్రులకు కూడా ఒక షరతు ఉంది. సొంత బిడ్డ పేరు పెట్టి అరవకూడదు. ఇది విన్నప్పుడు జుమా ప్రసంగంలో ఎన్నోసార్లు విన్న ఒక సంఘటన నాకు కొత్తగా అర్థమైంది. అస్లం తెగవారు రెండు పక్షాలుగా విలువిద్య సాధన చేస్తుండగా దైవప్రవక్త (స) అటు వచ్చారు. బాణాలు వేయండని ప్రోత్సహిస్తూ, తాను ఫలానా పక్షాన ఉన్నానన్నారు. వెంటనే రెండో పక్షంవారు విల్లు దించేశారు. కారణమడిగితే, మీరు వారి పక్షాన ఉండగా మేమెలా వేయగలమన్నారు. అప్పుడాయన, వేయండి, నేను మీ అందరితోనూ ఉన్నానన్నారు. బుఖారీలో ఉన్న ఉల్లేఖనమిది. గట్టున నిలబడిన పెద్దవారి ఒక్క మాటకు ఆడేవారి చేతులు ఆగిపోతాయి. ఆ సంగతి నేను ఎన్నిసార్లు విన్నానో, నా పుస్తకంతో అన్నిసార్లు మరిచాను.

నా బావమరిది ఈ వ్యవహారమంతా విని నవ్వాడు. “ముద్దు చేస్తే ఆటగాళ్ళు తయారవుతారా బావా? దెబ్బ తగలనిదే శిల విగ్రహం కాదు” అన్నాడు. అతని మాటను తేలిగ్గా కొట్టిపారేయను. విశాఖ కేంద్రం పిల్లలు పోటీలు గెలుస్తున్నారు. మా గచ్చు మీద ఆడే ఇద్దరు పొడగరి కుర్రవాళ్ళు నిరుడు మాస్టారి ఆశీస్సులతోనే అక్కడికి వెళ్ళారు. సమఉజ్జీలతో ఆడితే తప్ప పెరగని కొన్ని విద్యలున్నాయి. అవి మా దగ్గర లేవు. అయితే అతనికి ఒక లెక్క చెప్పాను, లెక్కలే కదా నా భాష. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు బాలల బేస్‌బాల్ జట్లను ఏళ్ళ తరబడి పరిశీలించారు. తప్పు జరిగినప్పుడు కసరకుండా ధైర్యం చెప్పి, ఎలా దిద్దుకోవాలో చూపే పద్ధతిని కొందరు శిక్షకులకు నేర్పారు. 1992లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం మామూలు శిక్షకుల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మరుసటి ఏడాది ఆటకు రాలేదు. ఆ పద్ధతి నేర్చిన శిక్షకుల దగ్గర మానేసినవారు 5 శాతమే. విచిత్రమేమంటే గెలుపు ఓటముల్లో రెండు రకాల జట్లకూ తేడా లేదు. “గెలుపు సమానమే అయినప్పుడు, నూటికి ఇరవై ఆరుగురిని ఎందుకు పోగొట్టుకోవాలి?” అని అడిగాను. అతను ఆ ఇరవై ఆరుగురూ ఎలాగూ పనికిరానివారే అయి ఉంటారన్నాడు. వారిలో మీ మేనల్లుడొకడు అన్నాను. ఆ తరువాత అతను టీ తాగి వెళ్ళిపోయాడు.

మన ఉత్తరాంధ్రకే రెండు ఉదాహరణలున్నాయి. ఇదే రైలు మార్గంలో పైకి వెళితే ఆమదాలవలస వస్తుంది. దాని దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె ఒంటరిగా బరువెత్తడం మొదలుపెట్టలేదు. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళూ ఎత్తారు, తల్లి అండగా నిలిచింది. ఇటు నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ చిన్న పల్లెటూరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం పొందిన మత్స సంతోషిది ఆ ఊరే. ఆమె ఒక్కతే కాదు, అక్కడి నుంచి ఎందరో ఆడపిల్లలు బరువులెత్తే క్రీడలో పేరు తెచ్చుకున్నారు. ఒక్క ఊళ్ళో అంతమంది బలశాలులు పుట్టడం యాదృచ్ఛికమని నేననుకోను. పక్కింటి అక్క ఎత్తగా చూసిన చెల్లెలికి ఆ బరువు సగం తగ్గి కనబడుతుంది.

ఆ మాట నేను ఊరికే రాయలేదు. మా చిన్నదానికి పదకొండేళ్ళు. అన్న ఆట చూసి తానూ వెళ్తానంది. వాళ్ళ అమ్మీకి ఒక సంకోచం, స్కార్ఫుతో ఆడనిస్తారా అని. ఆమె సంకోచం ఊరికే పుట్టింది కాదు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిల జట్టు తలవస్త్రం తీసివేయమన్నందుకు ఆడకుండానే వెనుదిరిగింది. అప్పటి అంతర్జాతీయ నియమం అలా ఉండేది. ఎన్నో అభ్యర్థనల తరువాత అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య దాన్ని మార్చింది. 2017 అక్టోబరు 1 నుంచి తలవస్త్రంతో ఆడడానికి అనుమతి ఉంది. మెడ దగ్గర గానీ ముఖం దగ్గర గానీ పిన్నులు, బిగింపులు ఉండకూడదు, అంతే. ఇదంతా మాస్టారికి వివరించాలని నేను మాటలు కూడగట్టుకుంటుండగా ఆయన పిల్ల తల చూసి, “గుండుసూదులొద్దమ్మా, గుచ్చుకుంటాయి. మీ అమ్మగారితో కుట్టించుకోమ్మా” అన్నారు. మరునాటికి నా భార్య సాగే గుడ్డతో సూది అక్కర్లేని స్కార్ఫు కుట్టింది. ఇప్పుడు ఆ గచ్చు మీద అలాంటివి నాలుగున్నాయి. వాటిలో రెండు మన ఇళ్ళవి కావు. ఎండకు బాగుంటుందని తక్కిన పిల్లలు కూడా కుట్టించుకున్నారు.

రంజాన్ నెలలో మావాడు ఉపవాసంతోనే వెళ్ళేవాడు. మాస్టారు వాడికి పరుగులు మాన్పించి, అసర్ తరువాత అరగంట షాట్ల సాధన మాత్రమే పెట్టారు. తోటి పిల్లలు వాడి ముందు నీళ్ళు తాగడానికి మొహమాటపడి, ఒక్కొక్కరే దొంగల్లా కొబ్బరిచెట్టు వెనక్కి వెళ్ళి తాగి వచ్చేవారట. ‘నాకేం ఫర్లేదు, ఇక్కడే తాగండిరా’ అని మావాడు గొడవ చేస్తే, ఆ లారీ డ్రైవరు కొడుకు, “నువ్వు సూడకపోతే మాకు సల్లగా దిగుతాది” అన్నాడట. ఈ మాట ఇంట్లో రోజూ చెప్పుకొని నవ్వుకున్నాం.

మొన్న శీతాకాలం సెలవుల్లో మాస్టారు మా పిల్లలను స్నేహపూర్వక పోటీకి విశాఖ తీసుకువెళ్ళారు. ప్రత్యర్థులు మావాడు వదిలివచ్చిన కేంద్రం పిల్లలే. మేము ఓడిపోయాం. 51-38. వారు బలవంతులు, వేగవంతులు, మా పిల్లల కంటే అన్నింటా ఒక మెట్టు పైనున్నారు. దీనికి సాకులు లేవు. కాని మూడో క్వార్టరులో ఒక దృశ్యం చూశాను. మావాడు ఎదుటి పొడగరి వెనుక నుంచి ముందుకు దూకి, చేయెత్తి, “ఇటివ్వు, నాకివ్వు” అని కోర్టంతా వినబడేలా అరిచాడు. బంతి వచ్చింది. షాటు తప్పింది. తిరిగి వెనక్కి పరుగెత్తి, మరుసటిసారి మళ్ళీ చేయెత్తాడు. మళ్ళీ తప్పింది. మూడోసారీ చేయెత్తాడు.

నా పక్కన ఒక తండ్రి నిలబడి ఉన్నాడు. ప్రత్యర్థి జట్టులో మంచి ఆటగాడొకడు అతని కొడుకు. ఆ పిల్లవాడు రెండు ఫ్రీ త్రోలు వదిలేసి, బంతి వంక గాక తండ్రి వంక చూశాడు. తండ్రి చేతిలో సెల్‌ఫోను. కొడుకు తప్పులన్నీ వరుసగా వీడియో తీస్తున్నాడు. రాత్రికి ఇంట్లో కూర్చోబెట్టి చూపిస్తాడన్నమాట. నా పుస్తకం కంటే అది మెరుగైన పనిముట్టు. ఏదో చెప్పాలనుకున్నాను. ముఖ పరిచయం లేని మనిషికి ఏమని చెబుతాం? చివరికి, “ఇందాక మీవాడు మూలకు ఇచ్చిన పాస్ చాలా బాగుందండీ, నేను గీత పెట్టుకున్నాను” అని నా పుస్తకం చూపాను. అతను పేజీ వంకా, నా వంకా అయోమయంగా చూసి, “మీరు మా జట్టు తరఫా?” అని అడిగాడు.

తిరుగు ప్రయాణంలో పిల్లలంతా ఒకే పెట్టెలో ఎక్కారు. బండి సింహాచలం దాటింది. మావాడు వచ్చి నా పక్కన కూలబడి అడిగాడు.

“అబ్బా, ఇవాళ ఎన్ని?”

“పాస్ మీద పడ్డ బుట్టలు తొమ్మిది.”

“కాదు, పది. నా మూడో షాటుకు ఎడంచేతివాడు ఇచ్చింది మీరు రాయలేదు.”

రాశానన్నాను. లేదన్నాడు. చిన్నది కూడా వచ్చి అన్న పక్షాన చేరింది. పెందుర్తి దగ్గర పుస్తకాన్ని మోకాళ్ళ మీద పరిచి, గీతలన్నీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాం. కొత్తవలస వచ్చేసరికి ఇంకా తేలలేదు.